తిరుగుబాటు నేలలో మానవశాస్త్రం: పరిశోధకుడి వృత్తి నీతి

జనం ప్రభుత్వం మీద తిరగబడిన చోటికి, లేదా తిరగబడి ఓడిపోయిన చోటికి, వాళ్ల ఆచారాలూ బంధుత్వాలూ భూమి తగాదాలూ తెలుసుకోవడానికి ఒక మానవశాస్త్రవేత్త వెళ్తాడు. అతణ్ని పంపేది చాలాసార్లు ఆ తిరుగుబాటును అణచిన ప్రభుత్వమే. అతను రాసుకున్న నోటుపుస్తకం రేపు ఎవరి చేతిలో పడుతుంది? అతనికి చోటిచ్చి, అన్నం పెట్టి, ఊరి సంగతులు చెప్పిన మనిషికి దానివల్ల ఏమవుతుంది? మానవశాస్త్ర వృత్తి నీతిలో ఇంతకన్నా బరువైన ప్రశ్నలు లేవు. ఈ చర్చ ప్రపంచంలో ఎక్కువగా వియత్నాం, అఫ్ఘానిస్తాన్ యుద్ధాల చుట్టూ సాగింది. కానీ తెలుగు నేల మీద, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజుల్లోనే, ఆదిలాబాద్ అడవుల్లో ఈ ప్రశ్న నిండుగా ఎదురైంది. అక్కడి అనుభవాన్ని దగ్గరగా చూస్తే ఒక విషయం తేటపడుతుంది. ఇలాంటి పరిశోధనను పరిశోధకుడి మంచి మనసుతో తూచినా, ఆ తరువాత జరిగిన మేలుతో తూచినా తూకం సరిపోదు. అతని ప్రశ్నలు పాలకుల తప్పుల వైపు తిరిగి ఉన్నాయా, పాలితుల గుట్టు వైపు తిరిగి ఉన్నాయా అన్నది చూడాలి. అతనికి దొరికిన జవాబులు ఎవరెవరు చదవగలరన్నదీ చూడాలి. ఈ రెండింటి దగ్గరే నీతి నిలుస్తుంది, లేదా జారిపోతుంది.

నిజాం సంస్థానం ఆదిలాబాద్ అడవులను రిజర్వు చేస్తూ పోయిన కొద్దీ గోండులు, కోలాములు పోడు కొట్టుకునే నేల తరిగిపోయింది. తరతరాలుగా దున్నుతున్న భూమికి వాళ్ల దగ్గర కాగితం లేదు. చాలామంది శివాయి జమాబంది కింద, అంటే పట్టా లేకుండా శిస్తు కట్టి సాగు చేసుకునేవాళ్లు. మైదానం నుంచీ మహారాష్ట్ర వైపు నుంచీ వచ్చిన రైతులు, షావుకార్లు పట్వారీ రికార్డులో పేరెక్కించుకుని అదే భూమికి పట్టాదారులయ్యారు. అటవీ సిబ్బంది మామూళ్లు, వెట్టి, గూడేలు ఖాళీ చేయించడం వీటికి తోడయ్యాయి. కొమరం భీము నాయకత్వంలో బాబేఝరి, జోడేఘాట్ చుట్టుపక్కల గూడేలు ఎదురు తిరిగింది ఈ నేపథ్యంలోనే. 1940లో జోడేఘాట్ దగ్గర పోలీసు కాల్పుల్లో భీము, అతని సహచరులు ప్రాణాలు కోల్పోయారు. తుపాకుల పని ముగిశాక ప్రభుత్వానికి కారణాలు తెలుసుకోవలసిన అవసరం కలిగింది. అందుకు దొరికినవాడు వియన్నాలో చదువుకున్న క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్.

ఆయన పరిస్థితే విచిత్రమైనది. 1909లో పుట్టిన ఆస్ట్రియా దేశస్థుడు. ఆస్ట్రియాను జర్మనీ కలిపేసుకున్నాక ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. యుద్ధం మొదలయ్యేసరికి బ్రిటిష్ ఇండియాలో ఆయన శత్రుదేశ పౌరుడు. హైదరాబాద్ సంస్థానం దాటి పోకూడదన్న షరతు మీద ఆయనకు పని చేసుకునే వీలు కల్పించారు. నల్లమల చెంచుల మీద, గోదావరి ఒడ్డు కొండరెడ్ల మీద, ఆ తరువాత ఆదిలాబాద్ గోండుల మీద ఆయన వరసగా చేసిన అధ్యయనాలు ఈ కట్టడిలోనివే. ప్రభుత్వం దయ తప్పితే నిర్బంధ శిబిరానికి పోవలసిన మనిషి, ఆ ప్రభుత్వం కోసమే, అది కాల్పులు జరిపిన ప్రాంతంలో విచారణ చేశాడు. స్వతంత్రమైన అభిప్రాయానికి ఇంతకన్నా ఇరుకైన చోటు ఊహించడం కష్టం. పైగా సాయుధ అధికారం వెంట నడవడం ఆయనకు కొత్త కూడా కాదు. 1936లో నాగా కొండల్లో పాంగ్షా గ్రామం మీదికి వెళ్లిన దండన యాత్రలో పాలనాధికారి జె.పి. మిల్స్‌తో పాటు వెళ్లి, ఆ సంగతి తన నాగా గ్రంథంలో తానే రాసుకున్నాడు. 1944లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం ఆయనను ఈశాన్య సరిహద్దులో సుబన్‌సిరి ప్రాంతానికి ప్రత్యేకాధికారిగా పంపింది. అక్కడి అపతానీల గురించిన ప్రసిద్ధ గ్రంథం ఆ ఉద్యోగంలోంచి పుట్టిందే.

ఐతే ఆదిలాబాద్‌లో ఆయన అడిగిన ప్రశ్నలు ఏమిటి? తిరగబడినవాళ్లెవరు, వాళ్లకు గంజి పోసినవాళ్లెవరు, ఏ గూడెం ఏ గూడేనికి కబురు పంపింది అన్నవాటి చుట్టూ ఆయన నివేదికలు తిరగవు. భూమి ఎలా పోయింది, అటవీ హద్దు ఎవరిని అడిగి గీశారు, పట్టా ఎవరికి వచ్చింది, గార్డు ఎంత గుంజాడు అన్నవే వాటి ఊపిరి. అంటే ఆయన పరీక్షకు పెట్టింది పాలనను. 1945లో ఈ నివేదికలు ‘ట్రైబల్ హైదరాబాద్’ పేరుతో అచ్చయ్యాయి. దానికి ముందుమాట రాసిన డబ్ల్యు.వి. గ్రిగ్సన్ నిజాం కార్యనిర్వాహక మండలిలో రెవెన్యూ, పోలీసు శాఖలు చూసే సభ్యుడు. బస్తర్ మరియా గోండుల మీద పుస్తకం రాసిన మానవశాస్త్రజ్ఞుడు కూడా ఆయనే. పోలీసు, భూమి శిస్తు, గిరిజన అధ్యయనం ఒకే బల్ల మీదికి వచ్చిన ఈ సందర్భం మన చరిత్రలో అరుదు. ఆ బల్ల మీద కాగితం కదిలింది కూడా. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలై, గోండీలోనే వాచకాలు తయారయ్యాయి. హైమన్‌డార్ఫ్ గిరిజన వ్యవహారాల సలహాదారు అయ్యాక, సేతుమాధవరావు పగ్డీ వంటి అధికారుల చేతుల మీదుగా వేలాది కుటుంబాలకు పట్టాలు అందాయి. 1356 ఫసలీ గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్, దాని కొనసాగింపుగా వచ్చిన నిబంధనలు గిరిజన పంచాయతీలకు చట్టంలో చోటిచ్చాయి. హైమన్‌డార్ఫ్ భార్య బెట్టీ 1987లో హైదరాబాద్‌లో చనిపోతే మార్లవాయిలో సమాధి చేశారు. 1995లో లండన్‌లో మరణించిన ఆయన స్మృతి కూడా అక్కడే ఉంది. ఏటా జనవరి 11న గోండులు ఆ దంపతుల వర్ధంతి జరుపుకుంటారు.

ఇంతటి ఫలితం చూశాక ఇంకా నీతి ప్రశ్న ఏముందని ఎవరైనా అడగవచ్చు. గోండుల కృతజ్ఞత నిజమైనది, దాన్ని తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు. కానీ కృతజ్ఞత తరువాత వచ్చింది. మొదటి రోజున, కాల్పులు జరిగిన కొద్దికాలానికే గూడెంలోకి దొర వచ్చి కూర్చుంటే, ఆయనతో మాట్లాడనని చెప్పగలిగిన గోండు ఎవరు? కాదనే వీలు లేని చోట ఔననడాన్ని సమ్మతిగా లెక్కకట్టలేం. ఆయన అడిగినవాటిలో ఒక్కటి పక్కదారి పట్టి పోలీసు ఠాణాకు చేరినా ఆ మేలంతా ఇంకో రూపం తీసుకునేది. అలా జరగకపోవడానికి కారణం ఆయన స్వభావం, గ్రిగ్సన్ అభిరుచి, యుద్ధకాలంలో అడవి ప్రశాంతంగా ఉండాలన్న ప్రభుత్వ అవసరం. ఏ నియమమూ వాళ్లను కట్టివేయలేదు. వృత్తి నీతి కావలసింది మంచివాడు వచ్చిన రోజు కోసం కాదు, రాని రోజు కోసం. జీతం తీసుకునే సలహాదారుడికి ఇంకో హద్దు కూడా ఉంటుంది. భూమి విధానం తప్పని అతను రాయగలడు. కాల్పులకు ఆజ్ఞ ఇచ్చినవాళ్ల మీద విచారణ జరగాలని పట్టుబట్టడం ఆ కుర్చీలో కూర్చున్నవాడికి దాదాపు అసాధ్యం.

ప్రశ్న పాలితుల వైపు తిరిగితే ఏమవుతుందో చూడటానికి ఆదిలాబాద్ నుంచి నెల్లూరు తీరానికి రావాలి. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్‌గా పనిచేసిన ఎడ్గార్ థర్‌స్టన్ మనుషుల తలలు, ముక్కులు కొలిచి జాతుల పట్టికలు కట్టినవాడు. పోలీసులకు కూడా ఆ కొలతల విద్య నేర్పాడు. కె. రంగాచారితో కలిసి 1909లో వెలువరించిన ఏడు సంపుటాల కులాలు, తెగల గ్రంథంలో యానాదుల మీద, యెరుకుల మీద దీర్ఘమైన వ్యాసాలున్నాయి. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికి విస్తరింపజేశాక, అలాంటి వర్ణనలు ఠాణా రిజిస్టరుకు పక్కన నిలబడ్డాయి. యెరుకులు, నెల్లూరు ప్రాంతపు యానాదుల్లో కొన్ని వర్గాలవాళ్లు ఈ చట్టం నీడలో బతికారు. వేలిముద్రలు వేయాలి, హాజరు చెప్పుకోవాలి, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. కావలి దగ్గర అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపిన సెటిల్‌మెంటులో యెరుకుల కుటుంబాలను ఉంచారు. ఇక్కడ సాయుధ తిరుగుబాటు ఏదీ లేదు. అయినా పద్ధతి ఒకటే: ముందు ఒక జనాన్ని ప్రమాదకరమైనదిగా గుర్తించి, ఆ గుర్తింపుకు శాస్త్రం పేరు తగిలించి, దాని మీద నిఘా కట్టడం. వర్ణన రాసిన ఒక్కొక్కరి ఉద్దేశం ఏదైనా కావచ్చు. వర్ణించబడినవాళ్లకు ఆ పుస్తకం చదివి కాదని చెప్పే దారి లేదు.

నెల్లూరులోనే దీనికి బదులు కూడా దొరికింది. వెన్నెలకంటి రాఘవయ్య యానాది సంఘాలను కూడగట్టి, నేరస్థ తెగల చట్టం మీద ఏళ్ల తరబడి పోరాడి, 1962లో యానాదుల మీద గ్రంథం రాశారు. 1971లో దేశంలోని గిరిజన తిరుగుబాట్ల మీద ఇంకో పుస్తకం వెలువరించారు. నేరస్థ తెగల చట్టం 1952లో దేశమంతటా రద్దయింది. ఆయన విశ్వవిద్యాలయ మానవశాస్త్రవేత్త కారు. ఆయన పుస్తకాల్లో పద్ధతి లోపాలు వెతికితే దొరుకుతాయి. కానీ ఆయన ఎవరి గురించి రాశారో వాళ్ల సమావేశాల్లోనే ఆ మాటలు చెప్పి, వాళ్ల ఎదుట నిలబడవలసి వచ్చింది. ఈ ఒక్క జవాబుదారీ థర్‌స్టన్ సంపుటాల్లో లేదు.

మిగతా ప్రపంచం ఈ ప్రశ్నను ఆలస్యంగా, ఒక్కో కుంభకోణం తరువాత ఒక్కో అడుగు వేస్తూ ఎదుర్కొంది. 1919లో ఫ్రాంజ్ బోయాస్, పరిశోధకుల వేషంలో మధ్య అమెరికాలో గూఢచర్యం చేసిన మానవశాస్త్రవేత్తల గురించి ‘ది నేషన్’ పత్రికలో బహిరంగంగా రాస్తే, అమెరికన్ మానవశాస్త్ర సంఘం గూఢచారులను వదిలి ఆయననే అభిశంసించింది. ఆ అభిశంసనను వెనక్కి తీసుకోవడానికి 2005 దాకా పట్టింది. 1970లో థాయిలాండ్ తిరుగుబాటు అణచివేత పరిశోధనల్లో మానవశాస్త్రవేత్తల పాత్ర బయటపడినప్పుడు ఎరిక్ వుల్ఫ్, జోసెఫ్ జోర్గెన్సన్ దాన్ని ప్రజల ముందు పెట్టారు. మార్గరెట్ మీడ్ నాయకత్వంలోని విచారణ సంఘం ఆ మానవశాస్త్రవేత్తలను సమర్థించేలా ఇచ్చిన నివేదికను 1971లో సభ్యులే తిప్పికొట్టారు. అదే ఏడు రూపొందిన నియమావళి, పరిశోధకుడి మొదటి బాధ్యత తాను అధ్యయనం చేసే మనుషుల పట్ల అని స్పష్టం చేసింది. 2007లో అఫ్ఘానిస్తాన్, ఇరాక్‌లలో సైనిక దళాల వెంట సామాజిక శాస్త్రవేత్తలను పంపిన హ్యూమన్ టెర్రైన్ సిస్టమ్ వచ్చినప్పుడు, సంఘం కార్యవర్గం అక్టోబరు 31న దాన్ని తప్పుపట్టింది. యూనిఫాం మనుషుల పక్కన నిలబడి ప్రశ్నిస్తే ఎదుటివాడి సమ్మతి చెల్లదని, ఆ సమాచారం దాడికి గురిని ఎంచుకోవడానికి వాడుకోవచ్చని ఆ ప్రకటన సారం. ఆ కార్యక్రమంలో పనిచేసిన ముగ్గురు సామాజిక శాస్త్రవేత్తలు ప్రాణాలు కోల్పోయారు. 2014లో దాన్ని ఎత్తేశారు.

ఈ నియమాల మీద వచ్చే అభ్యంతరాల్లో బలమైనదాన్ని మాంట్‌గొమరీ మెక్‌ఫేట్ వంటి సమర్థకులు సూటిగానే చెప్పారు. సైన్యం ఎలాగూ వెళ్తుంది, స్థానిక సమాజం తెలిసినవాళ్లు పక్కనుంటే తక్కువ మంది చనిపోతారు, దూరంగా నిలబడి చేతులు శుభ్రంగా ఉంచుకోవడం కన్నా లోపలికి వెళ్లి నష్టం తగ్గించడమే నీతి అని. ఈ మాటను తేలిగ్గా తోసేయకూడదు. ఆదిలాబాద్ పట్టాలు దీనికి అనుకూలమైన సాక్ష్యంలాగే కనిపిస్తాయి. కానీ అదే సంస్థానంలో ఆ తరువాతి ఏళ్లు ఇంకో సాక్ష్యం చెబుతాయి. గోదావరి అడవుల కొండరెడ్ల మీద హైమన్‌డార్ఫ్ గ్రంథం 1945లోనే అచ్చయింది. హైదరాబాద్ మీద భారత సైన్యం జరిపిన పోలీసు చర్య తరువాత తెలంగాణ సాయుధ పోరాటాన్ని అణచే క్రమంలో ఆ అడవుల్లోనే కోయ గూడేలను ఖాళీ చేయించి శిబిరాలకు తరలించారు. నెల్లూరు జిల్లా అలగానిపాడులో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య తన తెలంగాణ పోరాట చరిత్రలో ఈ శిబిరాల బాధ నమోదు చేశారు. అడవి మనిషిని అడవి నుంచి పెకలిస్తే ఏమవుతుందో తెలిసిన శాస్త్రం చేతిలో ఉంది, దాని వల్ల ఆ తరలింపు ఆగలేదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి కోసం సభ పెట్టుకున్న గోండుల మీద కాల్పులు జరిగి, అధికారిక లెక్క ప్రకారమే 13 మంది చనిపోయారు. భూమి అన్యాక్రాంతం మీద నివేదికలు అప్పటికి నలభై ఏళ్లుగా సచివాలయంలో ఉన్నాయి. 1959 నాటి భూమి బదలాయింపు నియంత్రణ చట్టం 1963లో తెలంగాణకు వచ్చింది, శ్రీకాకుళ గిరిజన పోరాటం నడుస్తుండగా 1970లో దాన్ని గట్టిగా సవరించారు. అయినా భూమి జారిపోతూనే ఉంది. అంటే పాలకులు తప్పు చేసేది తెలియక మాత్రమే కాదు. తెలిసీ చేసే తప్పును, ఇంకాస్త తెలియజేసి ఆపగలమన్న నమ్మకం మీద పరిశోధకుడు జనం తన మీద పెట్టుకున్న విశ్వాసాన్ని పణంగా పెట్టకూడదు.

రెండో అభ్యంతరం ఈ వ్యాసం వాదన మీదికే వస్తుంది. జవాబులు అచ్చు వేసి అందరికీ అందుబాటులో ఉంచితే నీతి నిలుస్తుందంటే, అచ్చైన పుస్తకాన్ని సైన్యం చదవదా? చదువుతుంది. వియత్నాం మధ్య కొండల్లో మ్నాంగ్ గార్‌ల ఊరు సార్ లుక్ మీద ఫ్రెంచి మానవశాస్త్రవేత్త జార్జ్ కొండొమినాస్ రాసిన గ్రంథాన్ని ఆయన అనుమతి లేకుండా ఇంగ్లీషులోకి మార్పించి అమెరికన్ ప్రత్యేక దళాలకు పంచారు. తన పుస్తకంలోని ఒక మనిషిని తరువాత చిత్రహింస పెట్టారని తెలిసి, 1972లో అమెరికన్ మానవశాస్త్ర సంఘం వేదిక మీద ఆయన ఆ వేదన చెప్పుకున్నారు. కాబట్టి ప్రచురణ అవసరం, కానీ అది చాలదు. ఏది రాయకూడదన్న తీర్పు కూడా పరిశోధనలో భాగమే. మనిషి పేరు, గూడెం పేరు, ఎండాకాలంలో నీళ్లు దొరికే చోటు, కొండ దాటే అడ్డదారి, ఎవరు ఎవరి మాట వింటారన్న వివరం, ఇవన్నీ శాంతికాలంలో అందమైన వర్ణన, కూంబింగ్ రోజుల్లో పటం. మన ఏజెన్సీలో ఈ జాగ్రత్తకు ఇంకో కారణం ఉంది. బయటివాడితో ఎక్కువసేపు మాట్లాడాడని ఒకపక్క పోలీసులు అనుమానిస్తే, అదే మనిషి మీద ఇన్‌ఫార్మర్ అన్న ముద్ర వేసి మావోయిస్టులు చంపిన సందర్భాలూ ఉన్నాయి. పరిశోధకుడు సెలవులకు ఇంటికి వెళ్లిపోతాడు, మాట్లాడినవాడు అక్కడే ఉంటాడు. రెండు తుపాకుల మధ్య ఉన్న ఊళ్లో కొన్ని ప్రశ్నలు అడగకపోవడమే సరైన పద్ధతి.

మూడో అభ్యంతరం పౌరధర్మం పేరుతో వస్తుంది. రాజ్యాంగబద్ధ ప్రభుత్వం మీద ఆయుధం పట్టినవాళ్ల విషయంలో తటస్థంగా ఉంటాననడం ఒక పౌరుడికి తగునా అని. పౌరుడిగా ఎవరైనా ప్రభుత్వంలో చేరవచ్చు, సైన్యంలోనూ చేరవచ్చు. పరిశోధకుడినని చెప్పి సంపాదించిన నమ్మకాన్ని వెంట పట్టుకెళ్లకపోతే చాలు. ఇంకా చెప్పాలంటే, అధ్యయనం చేసిన జనం పట్ల బాధ్యత రాజ్యాంగానికి ఎదురు నిలవనవసరం లేదు. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో ప్రభుత్వ అండతో మావోయిస్టులకు ఎదురుగా సల్వా జుడుం మొదలై బస్తర్ గూడేలు ఖాళీ అయినప్పుడు, వేలమంది గొత్తికోయలు సరిహద్దు దాటి ఖమ్మం అడవుల్లోకి వచ్చారు. బస్తర్ మీద 1997లోనే పరిశోధన గ్రంథం రాసిన నందినీ సుందర్, చరిత్రకారుడు రామచంద్ర గుహ, విశాఖ వాసి, మాజీ ఐఏఎస్ అధికారి ఇ.ఎ.ఎస్. శర్మ కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లారు. గిరిజన యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా ఆయుధాలిచ్చి తిరుగుబాటుదార్ల మీదికి పంపడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జార్ తీర్పునిచ్చారు. క్షేత్రంలో నేర్చుకున్నది కోర్టు ముందుకు బహిరంగంగా వచ్చింది, అవతలి పక్షానికి దాన్ని ఖండించే అవకాశం ఉంది. రహస్య నివేదికకూ దీనికీ తేడా అక్కడే. దీనికి మూల్యం కూడా ఉంది. 2016లో ఒక హత్య కేసులో నందినీ సుందర్ పేరు చేర్చారు. ఆధారాలు లేవని 2019లో పోలీసులే ఆ పేరు తొలగించారు.

ఇవాళ్టి తెలుగు రాష్ట్రాల్లో గిరిజన అధ్యయనం ఎక్కువగా ప్రభుత్వ సొమ్ముతోనే నడుస్తోంది. 1963లో హైదరాబాద్‌లో ఏర్పడిన గిరిజన సాంస్కృతిక పరిశోధన, శిక్షణ సంస్థ, ఐటీడీఏల కోసం చేసే సర్వేలు, విశ్వవిద్యాలయాల ప్రాజెక్టులు అన్నీ ఆ కోవలోవే. నెల్లూరు దగ్గర వెంకటాచలం మండలం కాకుటూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి నుంచి యానాదుల గిరిజన కాలనీకి ప్రశ్నపత్రం పట్టుకుని వెళ్లే విద్యార్థికి తిరుగుబాటుతో ఏ సంబంధమూ లేకపోవచ్చు. ప్రభుత్వ సొమ్ము తీసుకోవడం తప్పని చెప్పడం అతనికి అన్యాయం. కానీ ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టేముందు అతనికి, అతని గైడుకు తెలియవలసిన సంగతులున్నాయి. నివేదికను అచ్చు వేసే హక్కు పరిశోధకుడికి ఉందా, లేక అది సొమ్ము ఇచ్చిన శాఖ సొత్తా? ముడి నోట్సు, రికార్డింగులు, ఇళ్ల జాబితాలు ఎవరి దగ్గర ఎన్నాళ్లుంటాయి? హోం శాఖ అడిగితే ఇవ్వాలా? మాట్లాడనని చెప్పిన కుటుంబానికి రేషన్ కార్డు విషయంలోనో ఇంటి స్థలం విషయంలోనో ఇబ్బంది రాదన్న హామీ ఎవరిస్తారు? వైద్యుడికీ వకీలుకూ ఉన్నట్టు మానవశాస్త్రవేత్త లైసెన్సు రద్దు చేసే మండలి ఏదీ లేదు. అమెరికన్ సంఘం నియమావళి కూడా ఇప్పుడు ఎవరినీ శిక్షించదు, దారి మాత్రం చెబుతుంది. అందువల్ల మన దగ్గర ఈ భారం ఒప్పందం రాసే రిజిస్ట్రారు మీద, సిద్ధాంత వ్యాసాన్ని ఆమోదించే బోర్డు మీద పడుతుంది. సాంకేతిక పద్ధతుల మీద పెట్టే శ్రద్ధలో కొంతైనా ఆ షరతుల మీద పెట్టాలి.

అధ్యయనం చేసిన జనానికి ఆ అధ్యయనం తిరిగి అందడం వీటన్నిటికన్నా నిర్లక్ష్యానికి గురైన విషయం. హైమన్‌డార్ఫ్ 1970ల చివర్లో మళ్లీ ఆదిలాబాద్ వచ్చి, తాను ఇప్పించిన పట్టాల్లో ఎన్నో చేయి మారిపోయాయని చూసి, 1982లో ‘ట్రైబ్స్ ఆఫ్ ఇండియా: ది స్ట్రగుల్ ఫర్ సర్వైవల్’ గ్రంథంలో ప్రభుత్వాన్ని విమర్శించాడు. అప్పటికి ఆయన ఎవరికీ సలహాదారు కాదు. ఒకప్పుడు రాయడం కష్టమైనది ఇప్పుడు రాయగలిగాడు. ఆయన తీసిన వేలాది ఛాయాచిత్రాలు, నోట్సు లండన్‌లోని ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయనాల సంస్థలో ఉన్నాయి. వాటిలో కనిపించే గోండు గూడేలు, గోండుల దైవం పెర్సాపేన్ పూజలు, మనుషుల ముఖాలు మార్లవాయి, గిన్నెధారి చుట్టుపక్కలవి. అవి తెలుగులోనూ గోండీలోనూ వివరణలతో, ఏ చిత్రం బయట పెట్టాలో ఏది పెట్టకూడదో గోండు పెద్దలే నిర్ణయించే పద్ధతిలో, ఉట్నూరుకో ఆసిఫాబాద్‌కో రావాలి. అందుకు పెద్ద ఖర్చేమీ లేదు. తెలంగాణ ప్రభుత్వమూ లండన్ సంస్థా ఒక ఒప్పందం కుదుర్చుకుంటే సరిపోతుంది.